చచ్చిన బురదకు ఊపిరి పరీక్ష

మనిషిని పైకి తీయకముందే నేల కడిగారు.

సుజన ల్యాబు కిటికీలోంచి చూసింది. పురానాపూల్‌కు కాస్త దిగువన, మూసీ ఒడ్డున ఉన్న మురుగునీటి ప్లాంటు అది. తెల్లారి డ్యూటీలు మారే వేళ. గేటు పక్కన సీతారాం సేఠ్ ట్యాంకర్ పైపు ఇంకా తెల్లగా కారుతూనే ఉంది. మురుగు మొదట వచ్చి పడే, ట్యాంకర్లు కూడా పోసే గుంటలో, ఇనుప జాలీకి చుట్టుకున్న చెత్తను లాగే కృష్ణయ్య బోర్లా పడి ఉన్నాడు. సుజన తండ్రి మొగులయ్య తువ్వాల ముక్కుకు కట్టుకొని నిచ్చెన దిగబోతుంటే, మేనేజర్ అమరనాథ్ రెక్క పట్టి ఆపాడు.

"ఆగు. ముందు ట్యాంకర్ బయటికి పోనియ్. కింద పడ్డ ఆ తెల్లదంతా కడుగుండ్రి. ఎవడన్న ఫోటో తీస్తే ప్లాంటు పోతది."

"మనిషి సార్!" అన్నాడు మొగులయ్య.

"నాకు కండ్లు లేవా? మాస్కు లేకుండ దిగి నువ్వు గూడ పడితే జవాబెవడు చెప్తడు?"

మాస్కు స్టోరు రూములో ఉంది. స్టోరు రూము తాళం చెవి అమరనాథ్ జేబులో ఉంది. ట్యాంకర్ పోయింది. పైపు పెట్టి నేల కడిగారు. ఆ తర్వాత కృష్ణయ్యను తీశారు. ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం లేదు.

సుజనకు ఏడుపు రాలేదు. చేతిలో ఉన్న గాజు గొట్టాన్ని స్టాండులో పెట్టింది. సబ్బుతో చేతులు కడుక్కుంది. కృష్ణయ్య ఆమెకు వరసకు కాక, చిన్నాన్న. ఇంటర్ పాసైన వాళ్లే లేని గల్లీలోంచి ఆమె డిగ్రీ కాలేజీకి పోతుంటే, సైకిల్ వెనక కూర్చోబెట్టుకొని, "కలెక్టరమ్మ వస్తున్నది, తప్పుకోండ్రి" అని దారి పొడుగునా అరిచినవాడు. ఆ మాట కూడా గుర్తొచ్చింది. అయినా ఏడుపు రాలేదు. ఒళ్లంతా సూది మందు ఇచ్చినట్టు, మొద్దుబారి ఉంది.

చదివేవాళ్లకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మురుగును శుభ్రం చేసేది మిషన్లు కాదు. కంటికి కనబడని జీవులు. పెద్ద తొట్టిలో, గోధుమరంగు బురదలో కోట్లకు కోట్లుగా ఉంటాయి. పంపులు కింది నుంచి గాలి ఊదుతుంటే ఆ గాలి పీల్చుకుంటూ మన పట్నం పారబోసిన మురుగంతా తింటాయి. ప్లాంటులో పనిచేసేవాళ్లు వాటిని పురుగులంటారు. "పురుగులు మంచిగ తింటున్నయా?" అని డ్యూటీ దిగేవాణ్ణి ఎక్కేవాడు అడుగుతాడు, ఇంట్లో పిల్లల సంగతి అడిగినట్టే. ఒక తొట్టి పాడైతే వేరే ప్లాంటు నుంచి బతికిన బురద తెచ్చి కలుపుతారు. పాలు తోడేసినట్టే గనుక దాన్ని తోడు అంటారు.

కృష్ణయ్య మట్టి అయిన మరునాటికి తొట్టి నల్లబడింది. ముందు తెల్లటి నురుగు లేచింది, తర్వాత కుళ్లిన కోడిగుడ్డు వాసన. పురుగులన్నీ చచ్చాయి.

అమరనాథ్ అందర్నీ షెడ్డు కింద నిలబెట్టాడు.

"రాత్రి డ్యూటీ వాళ్లు నిద్ర కోసం గాలి పంపులు బంద్ పెట్టిన్రు. గాలి లేక పురుగులు చచ్చినయ్. ఆ గ్యాసుకే కృష్ణయ్య పోయిండు. మొగులయ్య, ప్రేమ్‌రాజ్, మీరిద్దరు రేపటి సంది డ్యూటీకి రావద్దు. పోలీస్ కేసు గూడ అయితది."

ప్రేమ్‌రాజ్ పాతికేళ్లవాడు, నోరున్నవాడు. "సార్, మనిషి పోయింది ముందు, తొట్టి కుళ్లింది తర్వాత. ఉల్టా చెప్తున్నరు!"

"అది కమిటీ చూస్కుంటది."

"సేఠ్ ట్యాంకర్ల ఏముండెనో గది గూడ చూస్తదా మీ కమిటీ?"

అమరనాథ్ సుజన వైపు చూశాడు.

సేఠ్ ట్యాంకర్లో ఉన్నదేమిటో ప్లాంటులో అందరికీ తెలుసు. ధూల్‌పేట్ వెనకాల అతని గోదాము ఉంది. డబ్బాల్లో రంగులు బూజు పట్టకుండా కలిపే మందు అక్కడికి డ్రమ్ముల్లో వస్తుంది. పురుగుల్ని చంపడానికే తయారైన మందు. ఖాళీ డ్రమ్ములు కడిగిన నీళ్లను లెట్రిన్ గుంతల నీళ్లలో కలిపి ట్యాంకర్లో పంపిస్తాడు. ఇన్నాళ్లూ దొంగచాటుగా పోయించాడు. ఇప్పుడు పర్మిషన్‌కు పెట్టుకున్నాడు. మందు నీళ్ల వల్ల పురుగులకు నష్టమేమీ లేదని ప్లాంటు ల్యాబు పరీక్ష చేసి చెప్పాలి. చెబితే సేఠ్‌కు పర్మిషన్. మందు మంచిదని తేలితే తొట్టి చచ్చిందీ, మనిషి చచ్చిందీ రాత్రి డ్యూటీ వాళ్ల వల్లే. ఒక్క పరీక్షతో రెండు పనులూ అయిపోతాయి. ఆ పరీక్ష చేయాల్సింది కాంట్రాక్టు మీద పనిచేసే సుజన.

"సార్, మన తొట్టి బురద చచ్చింది. తోడు తెప్పియ్యాలె" అంది.

"మన ప్లాంటుకు పరీక్ష మన ప్లాంటు బురదతోనే. బయటిది రూల్స్ ఒప్పుకోవు."

"ముందు బురద ఊపిరి పీలుస్తున్నదో లేదో చూడాలె సార్. పీలిస్తేనే పరీక్ష లెక్క."

"నువ్వు పీహెచ్‌డీ చేస్తున్నవా అమ్మా? రెండు సీసాలు పెట్టు. ఒకదాంట్ల మందు నీళ్లు కలుపు, ఒకదాంట్ల కలపకు. తేడా ఉంటే ఉన్నదని రాయి, లేకుంటే లేదని రాయి. కష్టమా?"

కష్టం లేదు. పరీక్ష తేలికే. రెండు సీసాల్లోకీ బురద, దానికి తిండి పోసి గాలి పట్టించాలి. కొన్ని గంటలయ్యాక గాలి ఆపి, మూత బిగించి, లోపల ఆక్సిజన్ ఎంత తొందరగా తగ్గుతుందో మీటరులో చూడాలి. బతికిన బురద గాలిని గబగబా తాగేస్తుంది, అంకె దిగుతుంది. విషం తగిలిన బురద తాగదు, అంకె కదలదు.

మొదటి సీసాలో అంకె కదలలేదు. రెండో సీసాలోనూ కదలలేదు.

"తేడా లేదు" అని అమరనాథే చదివి, "శభాష్" అన్నాడు. "కమిటీ వచ్చిన రోజు సార్ ముందట సంతకం పెట్టు."

సుజన తలూపింది. చేసిన పని ఏమిటో ఆమెకు తెలుసు. చేతులు చేసుకుపోతుంటే తను పక్కన నిలబడి చూసినట్టుంది, అంతే.

ఇంటికొచ్చేసరికి మొగులయ్య గడప మీద కూర్చున్నాడు. పక్కన చాయ్ మీగడ కట్టింది.

"పరీక్ష అయ్యిందా బిడ్డా?"

"అయ్యింది బాపు. తేడా రాలే."

"అంటే?"

"అంటే మందుతోని ఏం గాలేదని."

మొగులయ్య గల్లీలోకి చూశాడు. ఎవరిదో మేక గోడకు అంటించిన పోస్టరు పీకి తింటోంది.

"మరి మావల్లనే అయ్యిందా?" అన్నాడు చివరికి. "జర కన్నంటుకున్నదో ఏమో. పంపు ఆగిందేమో. నాకు యాదికి లేదు బిడ్డా. కృష్ణిగాణ్ణి నేనే సంపిన్నా?"

ముప్పయ్యేళ్లు కంటి మీద కునుకు లేకుండా తొట్టిని కాసినవాడు అడిగాడు ఆ మాట. ఎదుటివాడు తప్పు మోపితే కొట్లాడొచ్చు. ఆ తప్పు మనిషి కడుపులోకి దిగి, నిజమేనేమో అని వాడే నమ్మడం మొదలుపెడితే ఇక ఎవరితో కొట్లాడాలి? సుజన చెప్పులు విడవకుండానే వెనక్కి తిరిగి నడిచింది.

ధూల్‌పేట్‌లో ఒక విగ్రహాల షెడ్డు ఉంది. సీజన్ కాదు గనుక ఖాళీ. రంగు వేయని బొమ్మలు గోడలకు ఆనించి ఉన్నాయి. ప్లాంటు వాళ్లంతా అక్కడ కూర్చున్నారు. కృష్ణయ్య భార్య సుందరమ్మ ముందు వరసలో ఉంది. మూసీ అవతలి ఒడ్డున, ఇంకా దిగువన ఉన్న కింది ప్లాంటులో పనిచేసే డానియేలు, యూనియన్ మనిషి, అందరికీ మాట అందిస్తున్నాడు. కాలేజీ పిల్లలు నలుగురైదుగురు తలుపు దగ్గర నిలబడ్డారు.

"ట్యాంకర్‌కు అగ్గి పెడదాం" అంటున్నాడు ప్రేమ్‌రాజ్.

"పెడితే నువ్వు జైలుకు, సేఠ్ ఇన్సూరెన్సుకు. కొత్త ట్యాంకర్ వస్తది వానికి" అన్నాడు డానియేలు.

"మరి నీ లెక్క దరఖాస్తు రాసుకుంట కూసోవాల్నా అన్నా?"

"గట్లనే కూసో, లేకుంటే సుజన లెక్క సంతకం పెట్టు" అంది ప్లాంటు ఊడ్చే ఒకామె. ఎవరో నవ్వారు. సుజన షెడ్డులోకి అప్పుడే వచ్చింది.

సుందరమ్మ తల ఎత్తింది. "వచ్చినవా కలెక్టరమ్మా? మా ఆయన నిన్ను సైకిల్ మీద తోల్కపోయింది గిందుకేనా? సేఠ్ మందు పాలలెక్క మంచిదని రాసెటందుకేనా?"

"నేనింక రాయలే చిన్నమ్మా."

"పరీక్ష చేసినవ్ గదా!"

"చేసిన. చచ్చిన బురదకు చేసిన. చచ్చినదానికి విషం పోస్తే తేడా ఏడికెల్లొస్తది?" సుజన గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. క్లాసులో పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. బురదను ఎలా ఎన్నుకున్నారో, సీసాలు ఎలా పెట్టించారో, అంకెలు ఎందుకు కదలలేదో. "విషం పోసిన సీసా, పోయని సీసా రెండు ఒక్కతీర్గనే ఉన్నయ్. గందుకే విషం కాదంటున్నరు."

ప్రేమ్‌రాజ్ లేచాడు.

"అరే, మనకు గూడ గట్లనే చేసిన్రు గదరా! కాంట్రాక్టర్ డాక్టర్ వచ్చి గొట్టంల ఊదుమన్నడు. అందరి ఊపిరి ఒక్కతీర్గనే ఉన్నది, ఎవనికి రోగం లేదని పోయిండు. జాలీకాడ చేసెటోన్ని జాలీకాడ చేసెటోనితోనే తూచిండు!"

"మరి ఎవనితోని తూచాలె?" అన్నాడు ఒక ముసలాయన.

"మంచిగున్నోనితోని."

"మనల మంచిగున్నోడు ఏడి?"

ఈసారి నవ్వు రాలేదు. డానియేలు ముందుకు వంగాడు. "మా తొట్టి బతికుంది. సేఠ్ ట్యాంకర్ మా దిక్కు రాదు. తోడు నేను తెస్త."

"మీ మేనేజర్ ఇస్తడా?"

"ఇయ్యడు. నేనొక్కన్నే తీస్తే నా నౌకరి పోతది. షిఫ్టు షిఫ్టంత తలా ఒక్క మగ్గు తీస్తే ఎవని నౌకరి తీస్తడు?"

అలాగే చేశారు. కింది ప్లాంటులో డ్యూటీ దిగేవాళ్లు వరసగా తొట్టి దగ్గరికి వచ్చారు. ఒక్కొక్కరు ఒక్క మగ్గు ముంచి క్యాన్లో పోశారు. ఆఫీసులో చాయ్ ఇచ్చే ఆమె కూడా పోసింది. వాచ్‌మన్ తన వంతు పోసి, గేటు తనే తీశాడు. ఎవరు ఇచ్చారని అడిగితే ఎవరి పేరూ చెప్పలేరు, ఎందుకంటే ఇవ్వనివాడు లేడు.

బతికిన బురదకు దారిలో కూడా గాలి కావాలి. కాలేజీ పిల్లలు చేపల తొట్లకు పెట్టే చిన్న పంపు ఒకటి తెచ్చారు. పురానాపూల్ మీద ట్రాఫిక్‌లో ఆటో ఇరుక్కున్నప్పుడు ఆ పంపు ఆగిపోయింది.

"ఏందమ్మా ఈ కంపు? ఏం పెట్టిన్రు నా ఆటోల?" అన్నాడు ఆటో ఆయన.

"ప్రాణాలు ఉన్నయ్ భాయ్, చావనియ్యద్దు" అంది సుందరమ్మ. ఇంకో క్యాను ఒళ్లో పెట్టుకొని, చాయ్ చల్లార్చినట్టు ఈ క్యాన్లోంచి ఆ క్యాన్లోకి, ఆ క్యాన్లోంచి ఈ క్యాన్లోకి ఎత్తి పోయడం మొదలుపెట్టింది. నురుగు లేచింది. చీరంతా బురద. ఆమె చేతులు పడిపోతే సుజన, సుజన చేతులు పడిపోతే మొగులయ్య. ప్లాంటు గేటు దాకా ఒక్కరూ ఆపలేదు.

కమిటీ అంటే పెద్దాఫీసు నుంచి వచ్చిన వేణుగోపాల్ సారు, ఆయన వెనక ఫైలు మోసే మనిషి. వాళ్లు వచ్చేసరికి ల్యాబు బల్ల ఆవరణలో ఉంది. బల్ల చుట్టూ మూడు షిఫ్టుల జనం. డ్యూటీ ఉన్నవాళ్లు, లేనివాళ్లు, బస్తీ ఆడవాళ్లు. పర్మిషన్ పరీక్ష కోసం వేణుగోపాల్ ముందే సీలు వేయించి పంపిన గోదాము నీళ్ల డబ్బా బల్ల మీద ఉంది. ఆయన రాకముందే పరీక్ష మొదలై గాలి గుడగుడలాడుతోంది అనుకుంటారేమో, కాదు. సీలు ఆయన చేతే విప్పించారు.

"ఏంటీ జాతర?" అన్నాడు వేణుగోపాల్.

"పరీక్ష సార్. అందరి ముందట" అన్నాడు డానియేలు.

అమరనాథ్ ఉరికొచ్చాడు. "సార్, అది బయటి బురద! ఒప్పుకోవద్దు!"

"మీది లోపలిదే సార్. కాకుంటే చచ్చింది" అన్నాడు ప్రేమ్‌రాజ్. జనం గొల్లున నవ్వారు.

సుజన మూడు సీసాలు పెట్టింది. ఒకదాంట్లో తోడు బురద ఉత్తది. రెండోదాంట్లో తోడు బురద, గోదాము నీళ్లు. మూడోదాంట్లో ప్లాంటు తొట్టిలోని బురద ఉత్తది. గాలి పెట్టి గంటల కొద్దీ ఆగాలి. ఎండెక్కింది. అధికారికి కుర్చీ, చాయ్ వచ్చాయి. జనం నిలబడే ఉన్నారు. సుజన మనసులో ఆశ ఏమీ లేదు. చేయాల్సిన పని వరసగా చేసింది.

మొదటి సీసాకు గాలి ఆపి, మూత బిగించి, మీటరు అందరికీ కనబడేటట్టు తిప్పింది. అంకెలు చదవడం వచ్చినవాళ్లు రానివాళ్లకు గట్టిగా చదివి చెప్పారు.

"ఏడు... ఆరున్నర... ఆరు... అయిదున్నర... దిగుతున్నది రా!"

"తాగుతున్నయ్! గాలి తాగుతున్నయ్!"

మూడో సీసా పెట్టింది. ప్లాంటు బురద. "ఏడు... ఏడు... ఏడే ఉన్నది."

రెండోది పెట్టింది. ఉదయం బతికి వచ్చిన బురదే. ఇప్పుడు దాంట్లో గోదాము నీళ్లు ఉన్నాయి. "ఏడు" అన్నారెవరో. ఆగారు. మళ్లీ "ఏడు" అన్నారు. ఆ తర్వాత ఎవరూ చదవలేదు. అంకె అక్కడే ఉంది.

మొగులయ్య ఉన్నచోటే నేల మీద కూలబడ్డాడు. "నేను గాదు" అన్నాడు. ఎవరితోనో కాదు, తనతోనే. "పంపు నడిచింది. నాకిప్పుడు యాదికొస్తున్నది. చప్పుడు ఇనుకుంటనే ఉన్న. నేను గాదు." సుందరమ్మ పోయి ఆయన పక్కన కూర్చుంది. "నువ్వు గాదు బావా. నేనెన్నడన్న అన్ననా?"

వేణుగోపాల్ గొంతు సవరించుకున్నాడు. "నేను చూశాను. కాదనను. కానీ బయటి బురదతో చేసింది రికార్డుకెక్కదు. మొన్న చేసిన పరీక్ష ఉంది కదా, దాని మీద సంతకం పెట్టమ్మా."

"మీరు ఇప్పుడే చూసిన్రు గద సార్?"

"చూడటం వేరు, రికార్డు వేరు."

అమరనాథ్ ఆమె పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "సుజనా, పర్మనెంట్ చేయిస్త. మీ బాపు పేరు గూడ కేసులకెల్లి తీయిస్త. ఒక్క సంతకం. ఎవనికి నష్టం?"

తండ్రి పేరు. ఆమె ఇన్ని రోజులుగా కావాలనుకున్నది ఆ ఒక్కటే. సుజన నేల మీద కూర్చున్న తండ్రిని చూసింది, ప్రేమ్‌రాజ్‌ను చూసింది. బాపు పేరు తీస్తే ప్రేమ్‌రాజ్ పేరు మిగులుతుంది. అది కూడా తీస్తే కృష్ణయ్య పేరు మిగులుతుంది. చనిపోయినవాడు తన పేరు కొట్టేయమని అడగడు.

"పెట్టను సార్" అంది. గట్టిగా అనలేదు. పక్కవాళ్లు విని వెనకవాళ్లకు చెప్పారు. "పెట్టనన్నది. పెట్టనన్నది."

అప్పుడే గేటు బయట హారన్ మోగింది. సేఠ్ ట్యాంకర్.

ఎవరూ పిలుపు ఇవ్వలేదు. జనం బల్ల దగ్గర నుంచి గేటు దగ్గరికి నడిచి, ట్యాంకర్ ముందు కూర్చున్నారు. సుజన కూడా కూర్చుంది. డాంబర్ రోడ్డు కాలుతోంది. సీతారాం సేఠ్ స్కూటర్ మీద వచ్చాడు, నుదుట బొట్టు, చేతిలో ఫోను.

"అరే భాయ్, రాస్తా ఛోడో. ధందా టైం హై. నేను మీకు ఏం అన్యాయం చేసిన?"

"నా మొగుణ్ణి అడుగు" అంది సుందరమ్మ.

పోలీసులు వచ్చారు. ఎస్సై అధికారితో రెండు మాటలు మాట్లాడి, లాఠీ ఊపాడు. ఆడ పోలీసులు సుజన రెండు రెక్కలూ పట్టి ఎత్తారు. మొగులయ్యను, ప్రేమ్‌రాజ్‌ను, డానియేలును ఈడ్చి వ్యానులో వేశారు. వేసినకొద్దీ ఖాళీ అయిన చోట వెనక వరస ముందుకు జరిగి కూర్చుంది. కాలేజీ పిల్లలు కూర్చున్నారు. కూరగాయల బండి ఆమె బండి వదిలేసి కూర్చుంది. చివరికి వ్యాను పట్టనంత మంది అయ్యాక, మిగిలినవాళ్లను పక్కకు నెట్టి దారి చేశారు.

"గాడీ అందర్ లే" అన్నాడు సేఠ్ డ్రైవర్‌తో.

డ్రైవర్ సాగర్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకొని ఇదంతా పై నుంచి చూస్తూ ఉన్నాడు. ఆ చేతులు మణికట్టు దాకా తెల్లగా పగిలి ఉన్నాయి.

"సేఠ్, లోపల ఏమున్నది?"

"పానీ హై రే. ఏముంటది?"

"అయితే మీరు పట్టుకొని జర మొహం కడుక్కోండి సేఠ్. కడుక్కున్నంక లోపలికి తీస్త."

సేఠ్ ఫోను చూసుకున్నాడు. అధికారి అమరనాథ్‌ను చూశాడు. సాగర్ కాసేపు ఆగాడు, నిజంగానే కడుక్కుంటాడేమో అన్నట్టు. తర్వాత బండి బంద్ చేశాడు. తాళం చెవి తీసి జేబులో వేసుకొని, దిగి, తనే నడిచి వచ్చి వ్యానులో సుజన పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు.

ట్యాంకర్ అడ్డంగా నిలిచిపోయింది. దాని వెనక ఇంకో ట్యాంకర్, దాని వెనక ఆటోలు, ట్రాలీలు, సిటీ బస్సు. పూల్ దాకా బండ్లు ఆగిపోయాయి. పోలీసు వ్యాను కూడా కదలలేకపోయింది.

ఎస్సై ట్యాంకర్ మెట్టెక్కి చుట్టూ చూశాడు. "తాళం చెవి నేనిప్పిస్త. డ్రైవింగ్ వచ్చినోడు ఎవడన్న ఉన్నడా ఇక్కడ?"

రోడ్డు నిండా స్టీరింగ్ పట్టుకొని కూర్చున్నవాళ్లే. అందరూ ఆయన్నే చూస్తున్నారు. వెనకున్న ట్యాంకర్ ఇంజను ఆగింది. తర్వాత ఒక ట్రాలీది ఆగింది. తర్వాత బస్సుది.

"ఎవ్వనికీ రాదారా?" అని అరిచాడు ఎస్సై.